ఊరి పేరా, నాయన పేరా?

నా మార్క్స్ కార్డులో నా పేరుకు ముందు రెండు అక్షరాలు ఉంటాయి. మొదటిది ఎం. అంటే మిట్టేమరి. రెండోది మా నాయన పేరులోని తొలి అక్షరం. మా ఇంటిపేరు ఆ కార్డులో ఎక్కడా కనిపించదు. పెండ్లి సంబంధం మాట్లాడేటప్పుడు, పెండ్లిపత్రిక అచ్చు వేయించేటప్పుడు తప్ప అది ఇంట్లోంచి బయటికి రాదు. బాగేపల్లి తాలూకాలో మాలాంటి తెలుగు ఇండ్లలో చాలావాటి సంగతి ఇంతే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పేరు ముందు ఊరు. సరిహద్దు దాటి మా మేనమామ ఊరికి పోతే అక్కడి పిల్లలు ముందు ఇంటిపేరు చెప్పి తర్వాత తమ పేరు చెప్పేవాళ్లు. చిన్నప్పుడు నాకది వింతగా ఉండేది. నేను ఊరి పేరు చెప్తుంటే వాళ్లకూ వింతే.

మా జిల్లాలో పేరు ముందు అక్షరాల కథ చిన్నదేమీ కాదు. ముద్దేనహళ్లిలో 1861లో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి ఎం. అంటే మోక్షగుండం. ఇప్పటి ఆంధ్రలో ఉన్న ఊరది. వాళ్ల పెద్దలు ఏనాడో వదిలి వచ్చినా పేరు మాత్రం వెంట వచ్చింది. గౌరీబిదనూరు తాలూకా హోసూరులో పుట్టిన హెచ్. నరసింహయ్యగారి హెచ్. ఆ హోసూరే. 1935లో హైస్కూలు చదువు కోసం రెండు రోజులు నడిచి బెంగళూరు చేరిన పిల్లవాడాయన. తర్వాత అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో న్యూక్లియర్ ఫిజిక్స్‌లో డాక్టరేట్ చేసి వచ్చారు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు, మా బాగేపల్లికి నేషనల్ కాలేజీ తెచ్చారు. ఇక సి.ఎన్.ఆర్. రావుగారి సి. అక్షరాన్ని విప్పితే చింతామణి. ఆయన పుట్టింది బెంగళూరులో, 1934లో. అణువుల మీద వెలుగు పడితే అవి ఏ రంగును మింగుతాయో చెప్పే విద్య మీదే ఆయన తొలి పుస్తకాలు రాశారు. వర్ణపటాల శాస్త్రంలో అంత పెద్ద మనిషి పేరు ముందు మా పక్క తాలూకా పేరుండటం నాకెప్పుడూ సంతోషమే.

పెండ్లయినాక మా ఆయన వైపు ఊరి అక్షరం పెట్టుకోమని ఇంట్లో అన్నారు. నేను మార్చుకోలేదు. ముప్పై ఒక్క ఏళ్లు పీయూ కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను, రిటైరయ్యేదాకా ఆ ఎం. అలాగే ఉంది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, రెండో పీయూసీలో పరమాణువుల పాఠం చెప్తున్న రోజున ఒక అమ్మాయి లేచి అడిగిన ప్రశ్న అలాంటిది. బోర్డు మీద రిడ్‌బర్గ్ స్థిరాంకం అని రాసి, పక్కన సెంటీమీటరుకు 109737 అని వేశాను. ఆ పిల్ల అడిగింది: “మిస్, రిడ్‌బర్గ్ అంటే వాళ్లూరి పేరా, వాళ్ల నాయన పేరా?”

క్లాసంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా పిల్లలకు పేరు ముందు ఉండేది ఆ రెండే. ఆ రెండింటిలో ఏదో ఒకటి అయి ఉండాలని ఆ పిల్ల అనుకోవడంలో తప్పేముంది? అంత సూటి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఆ సంఖ్యను ఎన్ని వందలసార్లు బోర్డు మీద రాశానో, ఆ మనిషి ఎవరో ఒక్కసారీ వెతకలేదు.

నిజం చెప్పాలంటే ఆ సంఖ్యతో నాకు పాత బాకీ ఒకటి ఉంది. బీఎస్సీ చివరి ఏడాది ప్రాక్టికల్స్‌లో హైడ్రోజన్ గొట్టాన్ని వెలిగించి, దాని వెలుగును స్పెక్ట్రోమీటర్‌లో చూసి, గీతల కోణాలు కొలిచి రిడ్‌బర్గ్ స్థిరాంకం రాబట్టాలి. నేను చదివిన కాలేజీలో ఆ గొట్టం మేం చేరకముందే పాడైంది. మూడేళ్లలో ఎవరూ కొత్తది తెప్పించలేదు. సీనియర్ల రికార్డు చూసి రీడింగులు ఎక్కించమన్నారు. ఎక్కించాం. ఎంత రావాలో ముందే తెలుసు గనుక అంతే వచ్చింది. పదికి తొమ్మిది మార్కులు పడ్డాయి. చూడని గీతలకు పడిన ఆ తొమ్మిది మార్కులు ఇప్పటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటాయి.

ఆ అమ్మాయికి వారం తర్వాత జవాబు చెప్పాను. రిడ్‌బర్గ్ ఊరి పేరు కాదు, నాయన పేరూ కాదు, అది ఇంటిపేరు. స్వీడన్ భాషలో రిడ్ అంటే అడవి కొట్టి చదును చేసిన నేల. మన మాటలో పోడు. బెర్గ్ అంటే కొండ. చివరి గ-కారం వాళ్ల నోట్లో య-కారంలా పలుకుతుంది. మన భాషలో పెట్టుకుంటే పోడుకొండ వారు. మా ఊరి పేరులోనూ మిట్ట ఉంది మరి. చుట్టుపక్కల దిన్నెలూ గుట్టలూ పేరులో ఉన్న పల్లెలు ఎన్ని లేవు!

స్వీడన్ పల్లెల్లో ఒకప్పుడు మామూలు జనానికి ఇంటిపేర్లు ఉండేవి కావు. నాయన పేరే పిల్లల పేరు వెనక చేరేది. స్వెన్ కొడుకు స్వెన్‌సన్, ఆండర్స్ కొడుకు ఆండర్సన్, కూతురైతే ఆండర్స్‌డాటర్. తరం మారితే పేరు మారిపోతుంది. మా నాయన పేరు అక్షరం నాతోనే ఆగిపోయినట్టే. పాదిరులు, పట్నంలో వ్యాపారస్థులు, చేతిపనివాళ్లు మాత్రం తమకంటూ స్థిరమైన పేర్లు కట్టుకున్నారు. కొండ, వాగు, చెట్టు, ఆకు, కొమ్మ, ఏవో రెండు మాటలు జత చేస్తే ఒక ఇంటిపేరు. 1901లో సర్కారు ఆజ్ఞ వచ్చి అందరూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలంది. మన రిడ్‌బర్గ్ తండ్రి పేరు స్వెన్. పాత పద్ధతిలోనే ఉండి ఉంటే ఈయన స్వెన్‌సన్ అయ్యేవాడు, ప్రపంచమంతా స్వెన్‌సన్ స్థిరాంకం అని చదువుకునేది.

ఆ ఇంటిపేరుతో ప్రసిద్ధులు ఇంకా ఉన్నారు. వాళ్ల దేశంలో రిడ్‌బర్గ్ అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది విక్టర్ రిడ్‌బర్గ్. 1828 నుంచి 1895 దాకా బతికిన కవి, నవలాకారుడు. చలికాలం రాత్రి పెరటిని, పశువులను కాచే చిన్న దేవుడి మీద ఆయన 1881లో రాసిన పద్యం అక్కడ పండుగ పూట ఇప్పటికీ చదువుతారు. స్టాక్‌హోమ్‌లో ఆయన పేరుతో పాఠశాలలున్నాయి. పెర్ ఆక్సెల్ రిడ్‌బర్గ్ అని ఇంకొకాయన గని ఇంజనీరు కావాలని అమెరికా పోయి, ఇనుప గనిలో కాలికి దెబ్బ తగిలి, చెట్టూ చేమా చదువుకు మళ్లాడు. న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ వారి ఎండు మొక్కల భాండారానికి మొదటి క్యూరేటర్ ఆయనే. ముగ్గురూ ఒక వంశం వాళ్లని అనుకోకూడదు. కొండలెక్కడైనా ఉంటాయి, పోడు ఎవరైనా కొడతారు.

మన మనిషి యోహన్నెస్ రిడ్‌బర్గ్. 1854 నవంబరు 8న స్వీడన్ పడమటి తీరంలో హాల్మ్‌స్టాడ్‌లో పుట్టాడు. నాలుగేళ్లకే తండ్రి పోయాడు. ఇంట్లో లేమి. 1873లో లుండ్ విశ్వవిద్యాలయంలో చేరి, 1879లో గణితంలో డాక్టరేట్ తీసుకున్నాడు. ఆయన మనసు మాత్రం మెండలీవ్ వేసిన మూలకాల పట్టిక మీద ఉంది. మూలకాల గుణాలు ఒక వరుసలో మళ్లీమళ్లీ ఎందుకు తిరిగి వస్తాయి? లోపల ఏముంది? పరమాణువును తెరిచి చూసే దారి అప్పటికి లేదు. ఎలక్ట్రాన్ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు. పరమాణువు బయటికి పంపే ఉత్తరం ఒక్కటే ఉంది, అది దాని వెలుగు.

ఉప్పు పొయ్యిలో పడితే మంట పసుపుపచ్చగా లేస్తుందని మా అవ్వకూ తెలుసు. సంగటి కుండ పొంగి ఉప్పునీళ్లు కట్టెల మీద పడ్డప్పుడల్లా ఆ పసుపు చూసినదాన్నే నేనూ. ఆ వెలుగును పట్టకంతోనో, సన్నగా గీతలు గీసిన పలకతోనో విడదీస్తే ఇంద్రధనుస్సు రాదు. చీకటి మధ్యన పసుపుపచ్చ గీత ఒక్కటి నిలుస్తుంది. బాగా దగ్గరగా చూడగలిగితే అవి రెండు, 5890, 5896 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర. సోడియం ఎక్కడున్నా అవే గీతలు. లిథియంకు వేరు, పొటాషియంకు వేరు. ఒక్కో మూలకానికి పదుల కొద్దీ గీతలు, కొన్నిటికి వందలు. యూరప్‌లో ఎంతోమంది కండ్లు కాయలు కాచేలా వాటిని కొలిచి పట్టికలు నింపి పెట్టారు. పట్టికలు నిండినై, అర్థం మాత్రం తెలియలేదు.

రిడ్‌బర్గ్ చేసిన మొదటి తెలివైన పని వినడానికి చాలా చిన్నది. అది పిల్లలకు చెప్పడానికి నేను బాగేపల్లి సంత ఎత్తుకునేదాన్ని. నిమ్మకాయలమ్మే అవ్వను “రూపాయికెన్ని?” అని అడిగితే ఒక వారం నాలుగు అంటుంది, ఇంకో వారం ఐదు, ఇంకో వారం ఆరు. వరుస చక్కగా ఉంది. అదే “ఒక్కోటి ఎంత?” అని అడిగి రాసుకుంటే 25 పైసలు, 20 పైసలు, 16 పైసల చిల్లర. ఎడం సమానంగా లేదు, వరుస ఏమిటో పట్టుబడదు. సంత అదే, నిమ్మకాయలు అవే. అడిగిన తీరు మారింది. అందరూ ఒక్కో అల పొడుగెంత అని రాసుకుంటూ వచ్చారు. ఒక సెంటీమీటరులో ఎన్ని అలలు పడతాయి అని రిడ్‌బర్గ్ రాసుకున్నాడు. హైడ్రోజన్ ఎర్రగీతకు సుమారు 15,233. ఉప్పు పసుపు గీతల్లో ఒకదానికి 16,956, రెండోదానికి 16,973. ఇలా రాసుకోగానే గీతల మధ్య చుట్టరికం బయటపడింది. ఒక మూలకం గీతలు ఒక పక్క దూరదూరంగా మొదలై, పోనుపోను దగ్గరై, ఒక హద్దు దగ్గర కుప్పపడతాయి. మెట్లు ఎక్కేకొద్దీ ఎత్తు తగ్గుతూ పోయే నిచ్చెనలాగా.

ఆ తగ్గుదల లెక్క ఆయన పట్టుకున్నాడు. ఒకటి, రెండు, మూడు అని వరుస సంఖ్యలు తీసుకో. వాటికి ఆ మూలకానికే చెందిన ఒక చిల్లర కలుపు. వర్గం చెయ్. ఒక పెద్ద సంఖ్యను దానితో భాగించు. వచ్చినదాన్ని హద్దులోంచి తీసెయ్. గీత ఎక్కడుందో వచ్చేస్తుంది. చిల్లర మూలకం మూలకానికీ మారుతుంది. పెద్ద సంఖ్య మాత్రం సోడియంకు అదే, పొటాషియంకు అదే, ఏ లోహానికైనా అదే. ఈ మాట దగ్గర నేను క్లాసులో కాసేపు ఆగేదాన్ని. లోహాలన్నీ వేరువేరు, రంగులు వేరువేరు, అన్నిటి అడుగునా ఒకే సంఖ్య. అంతకుముందు ఎవరూ అలా చెప్పలేదు.

ఆయన లెక్క మీద ఉండగానే 1885లో స్విట్జర్లాండ్‌లో బాల్మర్ అనే బడిపంతులు హైడ్రోజన్ నాలుగు గీతలకు ఒక సూత్రం కట్టిన సంగతి తెలిసింది. బాజెల్‌లో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పేవాడు బాల్మర్. ఆ సూత్రాన్ని అలల లెక్కలోకి తిప్పి చూస్తే అది రిడ్‌బర్గ్ సూత్రమే, చిల్లర సున్నా అయినప్పుడు వచ్చేది. దానిలోంచి పెద్ద సంఖ్యను రాబడితే 109721.6 వచ్చింది. 1889లో స్వీడన్ సైన్స్ అకాడమీకి తన పెద్ద వ్యాసం ఇచ్చాడు, మరుసటి ఏడాది ఫ్రెంచి భాషలో అచ్చయింది. ఈనాడు మనం బోర్డు మీద వేసేది 109737. ఆయన కాలపు కొలతలతో, చేత్తో గుణించి భాగించి తెచ్చిన అంకెకూ దీనికీ మధ్య తేడా సుమారు ఏడు వేలల్లో ఒక వంతు.

ఇంత చేసినవాడికి కుర్చీ వెంటనే దొరకలేదు. సంసారం గడవడానికి బ్యాంకులో లెక్కల పని కూడా చేశాడు. ప్రొఫెసర్ పదవి 1901లో గానీ రాలేదు, అదీ పూర్తి హోదా కానిది. తన సంఖ్యకు కారణం ఏమిటో ఆయన చెప్పలేకపోయాడు. 1913లో డెన్మార్క్ కుర్రవాడు నీల్స్ బోర్ చెప్పాడు: ఎలక్ట్రాన్ బరువు, దాని విద్యుదావేశం, ప్లాంక్ స్థిరాంకం, వెలుగు వేగం, వీటితో ఆ సంఖ్యను కట్టి చూపించాడు. అప్పటికి రిడ్‌బర్గ్ ఆరోగ్యం చెడింది. చివరి ఏళ్లలో ఆయన పాఠాలు మానె సీగ్‌బాన్ అనే యువకుడు చెప్పేవాడు, తర్వాత నోబెల్ అందుకున్న మనిషి. 1919లో లండన్ రాయల్ సొసైటీ రిడ్‌బర్గ్‌ను విదేశీ సభ్యుడిగా తీసుకుంది. ఆ డిసెంబరు 28నే ఆయన కన్నుమూశాడు. 1954లో ఆయన నూరేళ్ల పండుగ లుండ్‌లో జరిగితే బోర్ స్వయంగా వచ్చి మాట్లాడాడు.

స్వీడన్‌దే ఇంకో ఇంటిపేరు ఉంది, దాన్ని మన పిల్లలు రోజూ రాస్తారు, అది ఇంటిపేరని తెలియదు. ఆంగ్‌స్ట్రామ్. ఆండర్స్ యోనాస్ ఆంగ్‌స్ట్రామ్, ఉప్సాలా ప్రొఫెసర్. ఆ పేరు చివర ఉన్న స్ట్రామ్ అంటే వాగు. సూర్యుడి వెలుగులోని వెయ్యికి పైగా గీతలను కొలిచి 1868లో పటంగా అచ్చు వేశాడు. బాల్మర్ చేతిలో పెట్టుకుని లెక్క వేసిన నాలుగు గీతలూ ఈయన కొలతలే. సెంటీమీటరులో పదికోట్లవ వంతుకు ఆయన ఇంటిపేరే కొలమానం అయింది. కొడుకు క్నుట్ ఆంగ్‌స్ట్రామ్ సూర్యుడి వేడిమిని కొలిచే సాధనం చేశాడు.

ఆ 1868 మన తెలుగు నేలకు కూడా గుర్తుండాల్సిన ఏడాది. ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ మన దేశం అడ్డంగా దాటి గుంటూరు, మచిలీపట్నం మీదుగా సముద్రంలోకి పోయింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ గుంటూరుకు వచ్చి బస చేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్‌సన్ మచిలీపట్నం పోయాడు. సూర్యుడు మూసుకుపోయిన ఆ కాసేపట్లో అంచున లేచిన మంటల వెలుగును విడదీస్తే గీతలు మెరిశాయి. అంటే అవి వాయువులే, ఎక్కువగా హైడ్రోజన్. గ్రహణం లేకుండానే ఈ గీతలు చూడొచ్చని జాన్సెన్‌కు తట్టింది, మరునాడు అదే గుంటూరులో చూసి చూపించాడు. ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటి ఉంది. అది ఉప్పు గీతకు దగ్గరగా ఉంది గానీ ఉప్పు గీత కాదు. భూమ్మీద అప్పటికి దొరకని మూలకం అది. హీలియం అని పేరు పెట్టారు, 1895లో గానీ నేల మీద చేతికి చిక్కలేదు. మా వైపు ఆ రోజు గ్రహణం పాక్షికమే. పట్టువిడుపు స్నానాలు చేసి, గరిక వేసిన నీళ్లు తాగి ఉంటారు మా వాళ్లు.

తెలుగువాళ్ల చేతికి ఈ విద్య వచ్చింది విజయనగరంలో. అక్కడ మహారాజా కాలేజీలో అప్పాద్వేదుల లక్ష్మీనారాయణగారు వర్ణపటాల మీద పని మొదలుపెట్టారు. ఎ.ఎల్. నారాయణ్ అన్న పేరుతో ఆయన వ్యాసాలు లండన్ పత్రికల్లో వచ్చేవి. తర్వాత కొడైకెనాల్ సూర్య పరిశోధనశాలకు డైరెక్టర్ అయ్యారు. ఆయన శిష్యుడు కొచ్చెర్లకోట రంగధామరావుగారు. ఈ ఇంటిపేరును నేను నోరారా పలుకుతాను. స్వీడన్ వాళ్ల పేరులో కొండ ఉంటే ఈయన పేరులో కోట ఉంది.

రంగధామరావుగారు లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ దగ్గర పనిచేశారు. గీతల వరుసల మీద 1922లో ఫౌలర్ తెచ్చిన నివేదిక ఆ రోజుల్లో అందరికీ చేతిపుస్తకం. ఆ పై జర్మనీలో పాషెన్ దగ్గర. రంగధామరావుగారు ఎంచుకున్న పని మామూలు పరమాణువుల మీద కాదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు ఎలక్ట్రాన్లు ఊడిపోయిన పరమాణువుల మీద: ఆర్సెనిక్, సెలీనియం, బ్రోమిన్. ఎలక్ట్రాన్లు పోయేకొద్దీ మిగిలినదాన్ని లోపలి ఆవేశం ఇంకా గట్టిగా లాక్కుంటుంది. అప్పుడు రిడ్‌బర్గ్ సంఖ్యను నాలుగుతో, తొమ్మిదితో, పదహారుతో గుణించుకోవాలి. గీతలు కంటికి కనపడని అతినీలం అవతలికి పోతాయి. అంత దూరం పోతే గాలే వెలుగును మింగేస్తుంది గనుక పరికరం లోపలి గాలంతా తోడేసి ఫొటో తీయాలి. మూడు ఎలక్ట్రాన్లు పోయిన సెలీనియం, నాలుగు పోయిన సెలీనియం మీద 1931లో బాదామి అనే సహచరుడితో కలిసి ఆయన రాసినది రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఒక్కో ఫొటో పలక మీద వందల గీతలు, ఏది ఏ పరమాణువుదో, ఎన్ని ఎలక్ట్రాన్లు పోయినదో వేరు చేయాలి. తప్పిపోయిన మందలోంచి ఎవరి గొర్రెలు వాళ్లకు అప్పగించే పని అది. కంప్యూటరు లేదు. లాగరిథమ్ పట్టిక, పెన్సిలు, ఓపిక.

వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చాక ఆ ఓపిక ఆయన శిష్యులకు అంటింది. ఇదే విద్యలో పూచా వెంకటేశ్వర్లుగారు షికాగోలో మల్లికెన్ దగ్గర పనిచేసి వచ్చి, ఐఐటీ కాన్పూరులో భౌతికశాస్త్ర విభాగం నిలబెట్టారు. 1970లో అయొడిన్ అణువు మీద ఆయన అచ్చు వేసిన వ్యాసంలో వరుసకు వరుస రిడ్‌బర్గ్ గీతలే. భారత జాతీయ సైన్స్ అకాడమీ వర్ణపట శాస్త్రంలో రంగధామరావుగారి పేరుతో స్మారకోపన్యాసం ఏర్పాటు చేసింది. ఇవేవీ నాకు బీఎస్సీలో ఎవరూ చెప్పలేదు. సీనియర్ల రికార్డు ముందేసుకుని రాస్తున్న ఆ మధ్యాహ్నం ఇది తెలిసి ఉంటే, ఒక్క గొట్టం కోసం గట్టిగా అడిగి ఉండేదాన్నేమో.

నేను లెక్చరర్ అయ్యాక ఆ లోటు నా పిల్లలకు ఉండకూడదనుకున్నాను. గొట్టం కొనే డబ్బు అప్పుడూ ఉండేది కాదు. చెప్పుల డబ్బా తీసుకునేవాళ్లం. ఒక చివర చిన్న కిటికీ కోసి, రెండు బ్లేడు ముక్కలు ఎదురెదురుగా అంటించి మధ్యన వెంట్రుకవాసి సందు వదలాలి. రెండో చివర, లోపల, పాత సీడీని ఏటవాలుగా నిలబెట్టాలి. సీడీ మీద చుట్టలు చుట్టిన గీతల మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతున్నర. వెలుగును విడదీయడానికి సరిగ్గా పనికొచ్చే ఎడం. పైన చిన్న కన్నం పెట్టి లోపలికి చూడాలి. బల్బుకు పెడితే ఇంద్రధనుస్సు తెగకుండా వస్తుంది. ట్యూబులైటుకు పెడితే ఇంద్రధనుస్సు మీద గట్టి గీతలు, ఆకుపచ్చది ఒకటి మరీ బాగా, పాదరసానిది. సాయంత్రం పిల్లలను బాగేపల్లిలో పెద్దరోడ్డు పక్కకు తీసుకుపోయి, అక్కడి పసుపుపచ్చ సోడియం దీపాల వైపు డబ్బా తిప్పమనేదాన్ని. వాటి వర్ణపటంలో పసుపు దగ్గర నల్లటి చీలిక కనిపిస్తుంది, దీపంలోని చల్లటి సోడియం తన వెలుగును తానే మింగేసుకున్నందువల్ల. ఒక పిల్లవాడు లారీల రొదలో గట్టిగా అరిచాడు, “మిస్, పసుప్పచ్చ ఉండాల్సిన తావులో చీకటి ఉండాదే!” అది కొలిచి మార్కులు వేసే ప్రయోగం కాదు. అయినా వాడు చూశాడు.

ఆ దీపాలు పోయి ఇప్పుడు తెల్లటి ఎల్ఈడీలు వచ్చాయి. కరెంటు ఆదా అవుతుంది, మంచిదే. డబ్బాలో చూస్తే మాత్రం రంగు పులుముడే, ఒక్క గీతా లేదు.

రిటైరయ్యాక నాకు తెలిసిన సంగతి ఒకటి ఉంది. మా జిల్లా గౌరీబిదనూరు దగ్గర పొలాల మధ్య వెయ్యి తీగల ఆంటెనాలు నిలబెట్టారు. ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో, తూర్పు పడమరలుగా కిలోమీటరు దాటి 640, ఉత్తర దక్షిణాలుగా 360. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్, రామన్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ కలిసి 1970ల్లో కట్టిన రేడియో టెలిస్కోప్ అది. ఆకాశం నుంచి 34.5 మెగాహెర్ట్‌జ్ దగ్గర వచ్చే రేడియో అలలను వినేది. గ్రహాలనో సూర్యుణ్నో వింటారని మాత్రం అనుకునేదాన్ని. దానితోనే కాంతారియా, అనంతరామయ్య అనే శాస్త్రజ్ఞులు పాలపుంత పొడవునా కార్బన్ పరమాణువుల గీతలను వెతికి పట్టారని చదివాను. 2001లో అచ్చయింది. ఆ కార్బన్ పరమాణువుల్లో బయటి ఎలక్ట్రాన్ ఉన్నది ఎన్నో మెట్టు మీద? 575వ మెట్టు చుట్టుపక్కల.

క్లాసులో ఐదో మెట్టు, ఆరో మెట్టు దాకా బొమ్మ గీసి చుక్కలు పెట్టి వదిలేసేదాన్ని. 575 అంటే ఆ చుక్కల్లో ఎక్కడో ఉంది. మెట్టు వర్గంతో పాటు పరమాణువు పెరుగుతుంది. 575వ మెట్టు మీద కార్బన్ పరమాణువు వెడల్పు మిల్లీమీటరులో వంద భాగాలు చేస్తే మూడున్నర భాగాలు. శిడ్లఘట్టలో పట్టుగూడు నుంచి లాగే ఒంటి పోగు మందం అటూఇటూగా ఆ కోవలోదే. ఒక్క పరమాణువు పట్టుపోగంత! నేల మీద ఇంత పెద్ద పరమాణువు నిలవదు, పక్కనున్నవి తగిలి చిదిమేస్తాయి. నక్షత్రాల మధ్య, ఘన సెంటీమీటరుకు లెక్కపెట్టగలిగినన్ని పరమాణువులే ఉండే చోట అది బతికి ఉంటుంది. ఇలాంటివాటిని శాస్త్రజ్ఞులు రిడ్‌బర్గ్ పరమాణువులంటారు.

మొన్న మా తమ్ముడి ఇంట్లో పెండ్లి పనులు. వాడి చిన్న కూతురు పీయూసీ రెండో ఏడాది. ఇది చెప్తే నమ్మలేదు. “అత్తా, రిడ్‌బర్గ్ సూత్రం ఎర్రగీతకు, నీలం గీతకు కదా. రేడియోకేంది?” అంది. కాగితం కోసం చూస్తే పెండ్లిపత్రిక ఒకటి చేతికొచ్చింది, మా ఇంటిపేరు పెద్ద అక్షరాలతో అచ్చు వేసినది. వెనకవైపు ఖాళీగా ఉంది. వెయ్యమన్నాను. ఒకటి బై 575 వర్గం, అందులోంచి ఒకటి బై 576 వర్గం తీసెయ్. 109737తో గుణించు. ఫోనులోని కాలిక్యులేటర్ మీద సున్నాలు చాలా వచ్చేసరికి మొదటిసారి తప్పింది. రెండోసారి సరిగా వచ్చింది, సెంటీమీటరుకు 0.00115 అలలు. తిరగేస్తే ఒక్కో అల పొడుగు 868 సెంటీమీటర్లు. ఎనిమిది మీటర్ల 68. మా పాత ఇంటి దూలం కంటే పొడుగు. వెలుగు వేగాన్ని దానితో భాగించమన్నాను.

34.5 వచ్చింది.

ఆ పిల్ల కాసేపు ఏమీ మాట్లాడలేదు. “అయితే ఇంకో మెట్టు పైకి పోతే?” అంది. కలం నా చేతిలోంచి తీసుకుంది. పత్రిక వెనక కింద చోటు లేదు. అంచు వెంబడి, పక్కకు తిప్పి, 576, 577 అని రాసుకోవడం మొదలుపెట్టింది.